అద్దం ఒకటే, వంతు ఎవరిది?

2018 చివర్లో జపాన్ టెలికాం కంపెనీ ఎన్‌టీటీ డొకోమో, అమెరికాకు చెందిన మెటావేవ్ కలిసి టోక్యోలోని కోటో వార్డులో ఒక ప్రయోగం చేశాయి. ఒకపక్క 28 గిగాహెర్ట్జ్ మీద పనిచేసే 5జీ టవర్. ఇంకోపక్క, టవర్ సిగ్నల్ సరిగ్గా అందని చోట ఒక వాహనం. సిగ్నల్‌ను అటువైపు మళ్లించడానికి మధ్యలో ఒక పలక. పలక లేనప్పుడు సెకనుకు 60 మెగాబిట్లు వచ్చిన చోట, పెట్టాక 560 మెగాబిట్లు వచ్చాయి. ఆ పలకలో సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్ ఏదీ లేదు. గోడ మీద పడి చెల్లాచెదురై పోయే తరంగాలను అది ఒక దిక్కుకు తిప్పింది, అంతే.

ఈ ప్రయోగం గురించి మాట్లాడేటప్పుడు అందరూ 560 దగ్గర ఆగిపోతారు. కానీ అక్కడ సిగ్నల్ అందుకోవలసిన వాహనం ఒక్కటే. వీధిలో నలభై ఫోన్లు ఉంటే, నలభై ఫోన్లూ నలభై దిక్కుల్లో ఉంటే, ఆ పలక ఎటు తిరగాలి? అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

ముందు పలక సంగతి. పైకి అది సర్క్యూట్ బోర్డులాగే ఉంటుంది. దాని మీద వందలు, వేల కొద్దీ చిన్నచిన్న లోహపు బిళ్లలు వరసగా పరిచి ఉంటాయి. పక్కపక్క బిళ్లల మధ్య దూరం సాధారణంగా తరంగదైర్ఘ్యంలో సగం. 28 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 10.7 మిల్లీమీటర్లు కాబట్టి ఈ దూరం ఐదు మిల్లీమీటర్ల చిల్లర. ప్రతి బిళ్ల వెనకా ఒక డయోడ్ ఉంటుంది. దానికి వోల్టేజ్ ఇచ్చినప్పుడు ఒకలా, ఇవ్వనప్పుడు ఇంకోలా బిళ్ల తన మీద పడ్డ తరంగాన్ని కొంచెం ముందుగానో వెనకగానో తిప్పి పంపుతుంది. స్కూల్లో చదువుకున్న మాటలో చెప్పాలంటే తరంగం దశ మారుతుంది. అన్ని బిళ్లల నుంచి వచ్చిన తరంగాలూ ఒక చోట ఒకే దశలో కలిసేలా అమరిస్తే ఆ చోట సిగ్నల్ బలంగా ఉంటుంది. అమరిక మారిస్తే బలమైన చోటు కూడా మారుతుంది. టోక్యోలో వాడినది ఇలా మారే రకం కాదు, ఒకసారి తయారయ్యాక ఒకే దిక్కుకు మళ్లించేది. మారే రకాన్నే ఇంజినీర్లు ఆర్‌ఐఎస్ (రీకాన్ఫిగరబుల్ ఇంటెలిజెంట్ సర్ఫేస్, అంటే అమరిక మార్చుకోగల తెలివైన పలక) అంటున్నారు. 6జీ గురించిన ప్రతి చర్చలోనూ ఈ పేరు వినబడుతోంది.

దీనికి గొప్ప బలం ఒకటి, గొప్ప బలహీనత ఒకటి ఉన్నాయి. బిళ్లల సంఖ్య రెట్టింపైతే అందే శక్తి నాలుగింతలవుతుంది. పలక రెట్టింపు శక్తిని పట్టుకుంటుంది, పట్టుకున్నదాన్ని రెట్టింపు ఇరుకైన ధారగా పంపుతుంది. రెండూ కలిసి నాలుగు. ఇది బలం. బలహీనత ఏమిటంటే, సిగ్నల్ టవర్ నుంచి పలక దాకా వచ్చేసరికి ఒకసారి నీరసపడుతుంది, పలక నుంచి ఫోన్ దాకా వెళ్లేసరికి ఇంకోసారి నీరసపడుతుంది. ఈ రెండు నష్టాలూ కూడికలు కావు, గుణకారాలు. లెక్క వేస్తే తెలుస్తుంది: టవర్‌కు పలక 100 మీటర్ల దూరంలో, పలకకు ఫోన్ 20 మీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. అడ్డంకి లేకుండా 120 మీటర్లు నేరుగా వచ్చే సిగ్నల్‌తో సమానం కావాలంటే 28 గిగాహెర్ట్జ్ దగ్గర పలకకు సుమారు 6,200 బిళ్లలు కావాలి. అంటే ఒక్కో వైపు 42 సెంటీమీటర్లు, గోడ క్యాలెండర్ అంత. అదే పలకను సరిగ్గా మధ్యలో, అటూ ఇటూ 60 మీటర్ల దూరంలో పెడితే పక్క కొలత 57 సెంటీమీటర్లకు పెరుగుతుంది. నడిమధ్యన పెట్టడం అన్నిటికంటే దండగ. టవర్ దగ్గరో జనం దగ్గరో పెట్టాలి.

జనం దగ్గర పెట్టామనుకుందాం. ఇప్పుడు పంపకం.

గాలిలోని సిగ్నల్‌ను నలుగురికి పంచడం కొత్త పని కాదు. 2జీలో జీఎస్‌ఎం ఫోన్లు 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో వాహకాన్ని (క్యారియర్) ఎనిమిది కాలపు ముక్కలుగా కోసి, ఎనిమిది మందికి వంతులవారీగా ఇచ్చేవి. సిమ్ లేకుండా వచ్చిన పాత రిలయన్స్ ఫోన్లు గుర్తున్నవాళ్లకు సీడీఎంఏ అనే మాట కూడా గుర్తుండే ఉంటుంది. అందులో అందరూ ఒకేసారి, ఒకే ఫ్రీక్వెన్సీలో మాట్లాడతారు, కోడ్ తేడాతో ఎవరి మాట వారికి విడిపోతుంది. 4జీ వచ్చాక పద్ధతి గళ్ల నోటుబుక్కులా మారింది. అడ్డంగా కాలం, నిలువుగా ఫ్రీక్వెన్సీ. 15 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఫ్రీక్వెన్సీ గీతలు పన్నెండు కలిపి ఒక కట్ట, దాన్ని మిల్లీసెకను లెక్కన ఒక్కొక్కరికి కేటాయించడం. ఒకే క్షణంలో పదిమందికి పది కట్టలు ఇవ్వొచ్చు. 5జీ కూడా ఈ గళ్ల పుస్తకాన్నే ఉంచుకుంది, గళ్ల కొలతలు మార్చుకుంది. ఇదంతా టవర్ లోపలి షెడ్యూలర్ అనే సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది.

పలక వచ్చి ఈ గళ్ల పుస్తకాన్ని పాడుచేస్తుంది. కారణం చాలా చిన్నది. బిళ్ల వెనక ఉన్న డయోడ్‌కు ఫ్రీక్వెన్సీలు తెలియవు. ఈ గీత మీద వచ్చిన సిగ్నల్‌ను రాముడి వైపు, ఆ గీత మీద వచ్చినదాన్ని సీత వైపు పంపమంటే దానికి చేతకాదు. ఒక క్షణంలో పలకకు ఒకే అమరిక. ఆ క్షణంలో దాని మీద పడ్డ అన్ని గీతలకూ అదే వర్తిస్తుంది. కాబట్టి ఫ్రీక్వెన్సీలో పంచుకున్న ఇద్దరూ పలక విషయంలో రాజీ పడాల్సిందే.

రాజీ ఖరీదు ఎంత? సగం బిళ్లలు ఒకరి వైపు, సగం ఇంకొకరి వైపు తిప్పితే ఒక్కొక్కరికి అందేది మొత్తం పలక ఇచ్చే దానిలో నాలుగో వంతు. సగం కాదు. సంఖ్య రెట్టింపైతే శక్తి నాలుగింతలు కావడమే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. కాస్త తెలివిగా, ప్రతి బిళ్లనూ ఇద్దరికీ మధ్యస్థంగా తిప్పితే ఒక్కొక్కరికి సుమారు 40 శాతం దక్కుతుంది. అదే కాలంలో పంచుకుంటే? సగం సేపు పలక మొత్తం ఒకరిది, మిగతా సగం సేపు మొత్తం ఇంకొకరిది. ఎవరి వంతులో వారికి నూటికి నూరు. సిగ్నల్ బాగున్న చోట శక్తి నాలుగింతలు కావడమంటే ఒక్కో చిహ్నంలో (ఒకసారికి పంపే తరంగపు ముక్కలో) రెండు బిట్లు ఎక్కువ పట్టడం. నాలుగు బిట్లు మోసే చోట ఆరు మోయొచ్చు. ఇద్దరికీ దక్కిన కాలమూ ఫ్రీక్వెన్సీ మొత్తం మీద సమానమే అయినా, ఈ లెక్కన వంతులు వేసుకున్నవాళ్లకు, పలకను సగాలు చేసుకున్నవాళ్లకు వచ్చేదానికి ఒకటిన్నర రెట్లు డేటా వస్తుంది.

ఇరవై ఏళ్ల కిందట పాతబడిపోయిందనుకున్న వంతుల పద్ధతి ఇలా వెనక్కి వస్తోంది. ఇది పల్లెల్లో తెలియని విషయం కాదు. కాలువలో నీళ్లు నిండుగా ఉన్నంతకాలం అన్ని తూములూ తెరిచి ఉంచుతారు. నీళ్లు తగ్గితే వారబందీ పెడతారు: ఈ నాలుగు రోజులు ఈ తూములు, ఆ నాలుగు రోజులు ఆ తూములు. అన్ని తూములకూ ఒకేసారి సన్నగా వదిలితే చివరి పొలం దాకా నీరు ఎక్కదు, దారిలోనే ఇంకిపోతుంది. వంతులో నిండుగా వదిలితే చివరి మడి కూడా తడుస్తుంది. పలక విషయంలో కొరత ఫ్రీక్వెన్సీకి కాదు, పలక ముఖానికి. దాని ముఖం ఒకటే.

టవర్‌కు ఎక్కువ యాంటెన్నాలు ఉన్నాయి కదా, ఒకే సమయంలో ఒకే ఫ్రీక్వెన్సీలో వేర్వేరు దిక్కులకు వేర్వేరు ధారలు పంపగలదు కదా అన్న ప్రశ్న రావచ్చు. 5జీ గొప్పల్లో అదొకటి. కానీ టవర్‌కూ పలకకూ మధ్య అడ్డంకి లేని సూటి దారి ఉందనుకుందాం. పలక బాగా పనిచేయాలంటే అలాగే ఉండాలి కూడా. అప్పుడు టవర్ నుంచి చూస్తే పలక దూరంగా కనిపించే ఒక చుక్క. ఆ చుక్క వెనక ఉన్న పదిమందికీ ఒకే దారి. టవర్ ఎన్ని ధారలు విడగొట్టినా అన్నీ ఆ ఒక్క గుమ్మంలోంచే దూరాలి, గుమ్మంలో కలిసిపోతాయి. పలక అవతల ఉన్నవాళ్లను టవర్ యాంటెన్నాలతో విడదీయడం కుదరదు. దీనికి విరుగుడు వేర్వేరు చోట్ల రెండు మూడు పలకలు పెట్టడం, లేదా పలకను టవర్‌కు బాగా దగ్గరగా తేవడం. రెండోది చేస్తే పలక చుక్కలా కాకుండా గోడలా కనబడుతుంది. చాలా పరిశోధన వ్యాసాలు ఈ గుమ్మం సంగతి ఒక వాక్యంలో దాటేసి, పలకకూ టవర్‌కూ మధ్య బోలెడు దారులున్నాయన్న ఊహతో లెక్కలు వేస్తాయి. ఆ లెక్కల్లో వచ్చే లాభాలను కొంచెం తగ్గించి చదువుకోవడం మంచిది.

ఇక నోమా (నాన్-ఆర్తోగోనల్ మల్టిపుల్ యాక్సెస్), అంటే వంతులు లేకుండా పంచుకునే పద్ధతి. దీని ప్రచారం ఎక్కువ, అందుకే కాస్త ఆగి చూడాలి. ఇందులో ఇద్దరి సిగ్నళ్లనూ ఒకే సమయంలో, ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకదాని మీద ఒకటి పేర్చి పంపుతారు. బలహీనంగా అందేవాడికి ఎక్కువ శక్తి, బాగా అందేవాడికి తక్కువ శక్తి. బాగా అందేవాడి ఫోన్ ముందు పక్కవాడి సిగ్నల్‌ను చదివి, దాన్ని మొత్తంలోంచి తీసేసి, మిగిలినదాంట్లో తనది వెతుక్కుంటుంది. ఇద్దరి మధ్య బలంలో పెద్ద తేడా ఉంటేనే ఇది లాభం. మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రాసే అంతర్జాతీయ కూటమి 3జీపీపీ 5జీ కోసం దీన్ని అధ్యయనం చేసి, చివరకు ప్రమాణంలో చేర్చకుండా పక్కన పెట్టింది. పలక వచ్చాక మళ్లీ ఆశలు లేచాయి. తేడా సహజంగా లేకపోతే పలకతో కల్పించవచ్చు కదా, ఒకరిని బలపరిచి ఇంకొకరిని వదిలేయొచ్చు కదా అని. తర్కం బాగానే ఉంది. కానీ పేర్చిన సిగ్నల్ ఇద్దరికీ ఒకే క్షణంలో వెళ్తుంది, కాబట్టి పలక అమరిక కూడా ఇద్దరికీ ఒకటే. రాజీ మళ్లీ తప్పదు. సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో ప్రచురించిన పోలిక ఈ విషయాన్నే తేల్చింది: ఇద్దరూ పలక దగ్గరే ఉండి, ఇద్దరికీ సమానమైన వేగం కావలసి వస్తే, నోమా కంటే మామూలు వంతుల పద్ధతే తక్కువ శక్తితో పని పూర్తి చేయగలదు. ఒకరు పలక దగ్గర, ఇంకొకరు దూరంగా ఉంటే నోమాకు మళ్లీ చోటు దొరుకుతుంది. అంటే ఏ పద్ధతి గొప్పదన్న వాదన కంటే ఎవరిని ఎవరితో జతకట్టాలన్నదే పెద్ద ప్రశ్న.

ఈ లెక్కలన్నిటి కిందా ఒక ఊహ దాక్కుని ఉంది. ఏ బిళ్లను ఎంత తిప్పాలో తెలిసినట్టే మాట్లాడుకున్నాం. అది ఎలా తెలుస్తుంది?

పలకకు చెవులు లేవు. తన మీద ఏ సిగ్నల్ పడుతోందో అది కొలవలేదు. టవరే పరీక్ష సిగ్నళ్లు పంపి, పలక అమరిక మార్చి మార్చి చూసి, ఒక్కో బిళ్ల గుండా దారి ఎలా ఉందో లెక్కగట్టాలి. సూటిగా చేస్తే ఎన్ని బిళ్లలుంటే అన్ని పరీక్షలు. పైన చెప్పిన 6,200 బిళ్లల పలకకు, 28 గిగాహెర్ట్జ్ 5జీలో ఒక్కో పరీక్షకు సుమారు 9 మైక్రోసెకన్ల చొప్పున 55 మిల్లీసెకన్లు పడుతుంది. అదే ఫ్రీక్వెన్సీలో మనిషి సెకనుకు మీటరు చొప్పున తాపీగా నడుస్తుంటే అతని సిగ్నల్ దారి అయిదు మిల్లీసెకన్లలోపే మారిపోతుంది. కొలత ముగిసేసరికి కొలిచినది పది సార్లు పాతబడి ఉంటుంది. వంతు వచ్చేలోపు పొలమే జరిగిపోయినట్టు.

అందుకే ఆచరణలో పని సులువు చేసుకునే దారులు వెతుకుతున్నారు. ఒకటి, ముందే అరవై డెబ్బై అమరికలు తయారుచేసి పెట్టుకోవడం. ఒక్కో అమరిక ఒక్కో దిక్కుకు. వాటిని వరసగా తిప్పుతూ పోతే ఏది బాగా అందిందో ఫోన్లే చెబుతాయి. అరవై నాలుగు అమరికలు ఒక్కో పరీక్ష చొప్పున తిప్పడానికి మిల్లీసెకను కూడా పట్టదు. ఖచ్చితత్వం తగ్గుతుంది, పని జరుగుతుంది. పైగా ఇక్కడ ఒక కొసరు లాభం ఉంది. ఒకే అమరికను ఎంచుకున్న ఫోన్లు ఎవరెవరో షెడ్యూలర్‌కు తెలిసిపోతుంది. వాళ్లందరినీ ఒకే వంతులో కూర్చోబెట్టి, ఆ వంతులో ఫ్రీక్వెన్సీని పంచేయొచ్చు. షేర్ ఆటో లెక్క ఇదే. ఒకే రోడ్డు మీద దిగేవాళ్లను ఒకే ఆటోలో ఎక్కిస్తారు, ఒక్కొక్కరికి ఒక్కో ఆటో తేరు. గళ్ల పుస్తకం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది: కాలం గడులు దిక్కులకు, ఫ్రీక్వెన్సీ గడులు ఆ దిక్కులో ఉన్నవాళ్లకు.

రెండో దారి ఇంకా తమాషా. ఏమీ కొలవకుండా, పలకను ఇష్టమొచ్చినట్టు తిప్పుతూ పోవడం. ఎటు తిరిగినా ఎవరో ఒకరికి ఆ క్షణంలో సిగ్నల్ బాగుంటుంది. ఆ క్షణం వంతు వాళ్లకే. ఈ ఆలోచన మూలం 2002 నాటిది. ప్రమోద్ విశ్వనాథ్, డేవిడ్ సే, రాజీవ్ లరోయా టవర్ యాంటెన్నాల దశలను కావాలనే ఎడాపెడా మార్చి, ఆ క్షణంలో సిగ్నల్ పైకి లేచినవాళ్లకు పంపడం వల్ల లాభం ఉంటుందని చూపించారు. బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు దీన్ని పలకలకు వర్తింపజేశారు. వాళ్లు తేల్చిన చిక్కు ముఖ్యమైనది: పలకను పూర్తిగా గుడ్డిగా తిప్పితే, బిళ్లలు పెరిగేకొద్దీ అమరిక ఎవరికైనా సరిగ్గా కుదరాలంటే జనం విపరీతంగా పెరగాలి. దారి స్వభావం కొంత తెలుసుకుని, దానికి తగ్గ అమరికల నుంచే ఎంచుకుంటూ తిప్పితే అంత జనం అక్కర్లేదు. అంటే చివరికి రెండు దారులూ ఒకే చోటికి చేరుతున్నాయి.

ఎవరికి బాగుంటే వాళ్లకే వంతు అంటే మరి ఎప్పటికీ బాగుండనివాడి గతి? దీనికి షెడ్యూలర్లలో పాత ఉపాయమే ఉంది. ఇప్పుడు రాగల వేగాన్ని ఇప్పటిదాకా వచ్చిన సగటుతో భాగించి, ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లకు వంతు ఇస్తారు. ఎప్పుడూ తక్కువ వచ్చేవాడి సగటు చిన్నది కాబట్టి, అతనికి కాస్త మెరుగైన క్షణం రాగానే ముందుకు వస్తాడు. పలక ఇందులో చేసే మేలు నిశ్శబ్దమైనది. కదలకుండా మూల గదిలో కూర్చున్నవాడి సిగ్నల్ సాధారణంగా మారదు, మెరుగైన క్షణమే రాదు. పలక తిరుగుతూ ఉంటే వాడికీ ఎగుడుదిగుళ్లు వస్తాయి.

చౌక పలకల గురించి ఒక ముచ్చట. డయోడ్‌కు రెండే స్థితులుంటే, అంటే ఒక బిట్ పలకైతే, అందే శక్తి సరైన అమరికతో వచ్చేదానిలో 40 శాతానికి పడిపోతుంది. రెండు బిట్లుంటే 81 శాతం. ఒక బిట్ పలక మీద సిగ్నల్ ఎదురుగా సూటిగా పడితే ఇంకో వింత జరుగుతుంది. ఒక పక్కకు తిప్పిన ధారకు కవల ఒకటి, అద్దంలో బొమ్మలా, అవతలి పక్కకూ అంతే బలంతో వెళ్తుంది. దీన్ని లోపమనే రాస్తారు. ఆ అవతలి పక్కన వంతు కోసం చూస్తున్న ఫోన్ ఉంటే ఒక దెబ్బకు రెండు పిట్టలు. చౌక వస్తువు లోపాన్ని షెడ్యూలర్ సొమ్ము చేసుకోగలదు.

మనుషుల మధ్య పంపకం ఇలా ఉంటే, కంపెనీల మధ్య పంపకం ఇంకో తలనొప్పి. 2022 వేలంలో జియో, ఎయిర్‌టెల్ రెండూ 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఫ్రీక్వెన్సీలు కొన్నాయి. పలకకు ఫ్రీక్వెన్సీలు తెలియవు అన్నప్పుడు, పక్కపక్క ఫ్రీక్వెన్సీల్లో ఉన్న రెండు కంపెనీలూ తెలియవు. ఒక కంపెనీ తన ఫోన్ కోసం తిప్పిన పలక మీద రెండో కంపెనీ సిగ్నల్ కూడా పడుతుంది, ఎటో వెళ్తుంది. ఐఐఎస్‌సీలోనే ఈ ప్రశ్నను కూడా విశ్లేషించారు. 6 గిగాహెర్ట్జ్ కంటే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో రెండో కంపెనీ వినియోగదారులకు సగటున నష్టం ఉండదని, పైగా కొంత లాభమే అని వాళ్ల విశ్లేషణ. వాళ్ల వైపు బిళ్లల తరంగాలు కలిసికట్టుగా కాకపోయినా ఎంతో కొంత అదనంగా చేరుతాయి కాబట్టి. అయితే సగటు బాగున్నంత మాత్రాన ఊరట లేదు. రెండో కంపెనీ టవర్ తన ఫోన్ దారిని కొలిచిన మరుక్షణం మొదటి కంపెనీ పలక తిరిగితే ఆ కొలత చెల్లదు. తనకు సంబంధం లేని వంతు మారినప్పుడల్లా తన లెక్క తప్పుతుంది.

అద్దాల భవనాలు నిండిన హైదరాబాద్ ఐటీ కారిడార్ లాంటి చోట్ల ఈ గొడవ ఊహించుకోవడం కష్టం కాదు. వేడి రాకుండా లోహపు పూత పూసిన గాజు ఈ ఫ్రీక్వెన్సీలను పదుల డెసిబెళ్ల మేర ఆపేస్తుంది, బయటకు విసిరేస్తుంది. పలకల అవసరం ఎక్కువగా ఉండేది అక్కడే. డొకోమో 2020 జనవరిలో ఏజీసీ అనే గాజు కంపెనీతో కలిసి పారదర్శకమైన పలకను చూపించింది. గాజు పొరను కొద్దిగా జరిపితే సిగ్నల్ లోపలికి పోతుంది, ఇంకొంచెం జరిపితే బయటకు తిరుగుతుంది. కిటికీకి అంటించినా చూపుకు అడ్డు రాదు. అలాంటి కిటికీ లోపలివాళ్లకు తెరుచుకోవాలా, రోడ్డు మీదివాళ్లకు మళ్లించాలా అన్నది కూడా వంతుల ప్రశ్నే. పైగా ఆ కిటికీ భవన యజమానిది, ఫ్రీక్వెన్సీ టెలికాం కంపెనీది.

ప్రమాణాలు రాసే సంస్థలు తొందరపడటం లేదు. యూరప్‌లో టెలికాం ప్రమాణాల సంస్థ ఎట్సీ 2021లో ఆర్‌ఐఎస్ కోసం ప్రత్యేక బృందాన్ని ఏర్పాటు చేసింది, 2023 నుంచి నివేదికలు ఇస్తోంది. 3జీపీపీ మాత్రం రిలీజ్ 18లో (తన ప్రమాణాల 18వ విడతలో) ఈ పలకలను పక్కన పెట్టి, వాటికి అన్నలాంటి రిపీటర్లను చేర్చుకుంది. అవి సిగ్నల్‌ను పెంచి పంపుతాయి, కరెంటు ఎక్కువ తింటాయి. కానీ ఏ కాలపు ముక్కలో ఎటు తిరగాలో టవరే వాటికి చెబుతుంది. ఆ కబురు వెళ్లే పద్ధతి ఇప్పుడు ప్రమాణంలో రాసి ఉంది. పలకలు 6జీలోకి వస్తే వాటికీ వంతు చెప్పడానికి ఈ దారినే వాడుకునే అవకాశం ఎక్కువ.